పన్నెండు ఫొటోల రీలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ బిల్లుల గురించీ చెప్పడానికి నాకన్నా తెలిసినవారు ఈ సభలో ఉన్నారు. గుమాస్తాగా నాకు తెలిసినవి రెండే: ఆఫీసు ఫైలు, నా పాత యాషికా మ్యాట్ 124జి కెమెరా. ఈ రెండూ కలిసేచోటు ఒకటుంది. అదే మన పెన్షన్ పేపర్లకు అంటించే జాయింట్ ఫొటో.

ఇది రెండు కళ్ల కెమెరా. పై కన్ను మనం చూడడానికి, కింది కన్ను ఫిల్మ్ మీద బొమ్మ పడడానికి. జర్మనీలో 1929లో రోలీఫ్లెక్స్ వచ్చాక ఈ తరహా కెమెరాలు ప్రపంచమంతా పాకాయి. దీనిలో వేసేది 1901లో కోడక్ తెచ్చిన 120 రకం రీలు. మనకు ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసేవారు. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు.

ఈ కెమెరాలో రీలుకు పన్నెండే ఫొటోలు. నెగటివ్ సుమారు 6 సెంటీమీటర్ల చదరం. మామూలు 35 ఎం.ఎం. నెగటివ్ కన్నా వైశాల్యంలో మూడున్నర రెట్లు. అందుకే గోడకు తగిలించేంత పెద్దది చేసినా ముఖంలో గీత గీతా కనబడుతుంది.

ఇంకో సుగుణముంది. ఈ కెమెరాను పొట్టకు ఆనించి, తల వంచి, పైనున్న అద్దంలోకి చూస్తాం. ఎదుటి మనిషి ముఖంలోకి గురిపెట్టినట్టు ఉండదు. పల్లెల్లో ఆడవాళ్లు ఈ కెమెరా ముందు బిగుసుకుపోకుండా కూర్చునేవారు.

మన అనంతపురం ఎండ సంగతి మీకు చెప్పాలా! మేఘం కరువు, నీడ కరువు. మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే కళ్లకింద నల్లటి గుంటలు తప్ప ఏమీ రావు. ఉదయం ఎనిమిదిలోపు గానీ, సాయంత్రం ఐదు తర్వాత గానీ, వసారా నీడలో, ముఖం వాకిలివైపు తిప్పి కూర్చోబెట్టాలి. పక్కన ఒక తెల్ల పంచె ఆరేస్తే చాలు, వెలుతురు ముఖం మీదికి తిరిగి వస్తుంది. 100 ఏ.ఎస్.ఏ. ఫిల్మ్‌కు అలాంటి నీడలో నేను సాధారణంగా 5.6 దగ్గర, సెకనులో అరవయ్యో వంతు పెడతాను.

1980లలో జరిగిన ఒక సంగతి చెబుతాను. అటెండరుగా రిటైరైన ఒకాయన పెన్షన్ పేపర్లు ఒక ఆఫీసు నుంచి తిరిగివచ్చాయి. పెళ్లిలో గుంపుగా తీసిన ఫొటోలోంచి కత్తిరించి అంటించారు. అందులో భార్య ముఖం పక్కకు తిరిగి ఉంది. ఆయనకు పక్షవాతం, టౌనులో స్టూడియోకు రాలేడు. కెమెరా తీసుకుని నేనే బస్సెక్కి కళ్యాణదుర్గం వైపు ఆ పల్లెకు వెళ్లాను. ఆమె కొంగు సర్దుకుంటూ, “నా మొగమేంటికప్పా, ఆయప్పది తియ్, సాలు” అంది. “ఫ్యామిలీ పెన్షన్ రేపు నీ మొగం చూసే ఇస్తారు వదినా” అన్నాను. ఇద్దరినీ మంచం మీదే పక్కపక్కన కూర్చోబెట్టి నాలుగు ఫొటోలు తీశాను. పేపర్లు పాసయ్యాయి. మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆమె బతికినన్నాళ్లూ ఎవరిముందూ చేయి చాచలేదు. ఆమె పోయాక కొడుకు వచ్చి, అమ్మ ఫొటో ఇంట్లో ఇంకొకటి లేదన్నాడు. ఆ నెగటివ్ నా దగ్గర భద్రంగా ఉంది గనుక పెద్దది చేయించి ఇచ్చాను.

ఇప్పుడు కాలం మారింది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి సెల్‌ఫోన్లో ముఖం చూపించి కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవచ్చు. మంచిదే. కానీ ఫోన్లో వేల ఫొటోలున్నా, భార్యాభర్తలు కుదురుగా కూర్చుని తీయించుకున్నది ఎన్ని ఇళ్లలో ఉంది?

కాబట్టి నా మనవి మూడు మాటలు. ఇద్దరూ ఉండగానే ఒక మంచి ఫొటో తీయించుకోండి. దాని వెనుక పేర్లు, ఊరు, తేదీ పెన్సిలుతో రాయండి. పాత నెగటివ్‌లు ఉంటే పారేయకండి. కాగితపు కవర్లలో వేసి, తేమ, వేడి తగలనిచోట పెట్టండి.

వచ్చే ఆదివారం ఉదయం ఏడు గంటలకు మన సంఘ భవనం వసారాలో కెమెరాతో ఉంటాను. రీలుకు పన్నెండు ఫొటోలు, అంటే పన్నెండు జంటలు. నడవలేనివారు కబురుచేస్తే ఇంటికే వస్తాను.