తీరని ఋణము



గృహస్థుడు నిత్యము పంచమహాయజ్ఞములను ఆచరింపవలెనని మన పెద్దలు విధించిరి. వానిలో భూతయజ్ఞము ఒకటి. తాను భుజించుటకు ముందు కాకికి, చీమకు అన్నము పెట్టుట దాని బాహ్యరూపము. ప్రకృతినుండి గ్రహించిన ప్రతి వస్తువునకు మనము ఋణపడియున్నామని గుర్తెరుగుట దాని అంతరార్థము.

ఈ దృష్టితో లోకమును పరికింతము. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖ తీరమును తాకిన హుద్‌హుద్ తుపాను, మన నర్సీపట్నమునకు ఎగువనున్న మన్యమును సైతము విడువలేదు. కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓక్ వృక్షములు కూలి మొక్కలపై పడినవి. ఒక నీడచెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. ఏ ఒక్క తుపానుకైనను ఇదియే కారణమని చెప్పజాలము. కాని సముద్రము వేడెక్కినకొలది తుపానులు తీవ్రమగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఆ వేడి ఎవరిది? పారిశ్రామిక విప్లవము నాటినుండి మానవులు గాలిలోనికి విడిచిన బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగవ వంతు ఒక్క అమెరికాదే. నేటికిని సగటున అక్కడి మనిషి వంతు ఏటా సుమారు 14 టన్నులు కాగా, భారతీయుని వంతు 2 టన్నులు.

“అది గిరిజనుల కర్మ” అనువారు కలరు. కర్మసిద్ధాంతము కర్తకు బాధ్యతను గుర్తుచేయుటకే గాని, తప్పించుటకు కాదు. తాండవ కాలువపై ఎగువవాడు అడ్డుకట్ట వేసి దిగువ పొలము ఎండగట్టినచో, ఏ పెద్దమనిషియైనను అది దిగువవాని కర్మయని తీర్పు చెప్పునా?

బాధ్యత అందరిదైనను అందరికిని సమానము కాదని 1992లో రియో సదస్సునందు దేశములన్నియు అంగీకరించినవి. 2020 నాటికి పేదదేశములకు ఏటా 10,000 కోట్ల డాలర్లు సమకూర్చెదమని సంపన్నదేశములు 2009లో కోపెన్‌హాగన్‌నందు మాట ఇచ్చినవి. ఆ మాట 2022లో గాని నెరవేరలేదు. ప్రభుత్వములు ఇచ్చిన ఆ సొమ్ములోను అధికభాగము అప్పే. ఋణము తీర్చవలసినవాడే అప్పిచ్చువాడైనాడు! నష్టపోయిన దేశములకై ప్రత్యేకనిధి ఏర్పరచుటకు 2022 వరకు సమ్మతి కుదరలేదు.

న్యాయమును అడుగుట ధర్మమే. అయితే పట్టణమున గదిగదికి ఏసీ పెట్టుకొన్న మనము, కొండమీది రైతుయెదుట ఏ దేశమువారము? పరుల లెక్క అడుగువాడు తన లెక్కయు విప్పి చూపవలెను. రేపు ఉదయము కాకికి ముద్ద పెట్టునప్పుడు ఈ ప్రశ్నను మనస్సునందు ఉంచుకొందము.

స్వస్తి.