వియన్నా నుంచి మార్లవాయికి

  మీలో చాలామంది మా హాస్టల్లో అన్నం తిన్నవాళ్లే. అందుకే నేను మైకు ముందుకు రాగానే ఫోన్లు దాచేస్తున్నారు. దాచకండి, కాసేపటికి వాటితో పని ఉంది.

ప్రయాణాలు, పుస్తకాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. దేశం చూడటం అంటే తాజ్‌మహల్, కాశ్మీర్ అనుకుంటాం. ఆ రెండూ నేను చూడలేదు. పుస్తకం పట్టుకుని నేను చూసిన దేశం ఉట్నూర్ దగ్గర మొదలై, జైనూర్ మీదుగా కెరమెరి ఘాట్ దాకా ఉంటుంది. దాని గురించే చెప్తాను.

బీఎడ్ చదివే రోజుల్లో మా సారొకరు లావుపాటి ఇంగ్లీషు పుస్తకం క్లాసుకు తెచ్చారు. "ఇది ఆదిలాబాద్ గోండుల మీద రాసింది. మీలో అటువైపు వాళ్లెవరు?" అని అడిగారు. నేను తల దించుకున్నా. గోండు పిల్లనని తెలిస్తే పక్కవాళ్లు నవ్వుతారని భయం. సాయంత్రం అందరూ వెళ్లాక ఒక్కదాన్నే లైబ్రరీకి పోయి ఆ పుస్తకం అడిగి తీసుకున్నా. దాని పేరు 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'. 1948లో అచ్చయింది. రాసినాయన హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో వియన్నాలో పుట్టారు. మనకంటే ముందు నాగా కొండల్లో తిరిగారు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. తిరగడానికి నిజాం రాజ్యం ఒక్కటే మిగిలింది. అట్లా భార్య బెట్టీతో కలిసి మొదట చెంచుల దగ్గరికి, తర్వాత కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత మన మార్లవాయికి వచ్చారు. యుద్ధం రాకపోతే ఆ పుస్తకమే ఉండేది కాదేమో!

డిక్షనరీ పక్కన పెట్టుకుని నెల రోజులు చదివా. పెర్సా పేన్ పూజ, దండారి, ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే వంశాల కథలు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో రోజూ విన్నప్పుడు చెవికెక్కని మాటలు ఇంగ్లీషులో చదివితే గొప్పగా అనిపించాయి. ఈ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే చెప్తున్నా.

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి మా అమ్మమ్మకు ఒక కథ చదివి వినిపించా. చివరిదాకా విని, "అది మార్లవాయి వాళ్లు చెప్పుకునేది. మనింట్లో అట్లా చెప్పరు" అంది. ఇక మొదలుపెట్టి కోడి కూసేదాకా చెప్పింది. నేను అర పేజీ రాసుకుని నిద్రపోయా. మళ్లీ వచ్చినప్పుడు రాసుకుందాంలే అనుకున్నా. ఆ వానాకాలంలోనే అమ్మమ్మ పోయింది. ఆ అర పేజీ ఇప్పటికీ నా దగ్గరుంది. కథలో అన్నదమ్ములు వాగు దాటబోతుంటారు. దాటారో లేదో నాకు తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత హాస్టల్ పిల్లల్ని తీసుకుని మార్లవాయి పోయా. జనవరి 11, బెట్టీ వర్ధంతి రోజు. ఆమె 1987లో హైదరాబాద్‌లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. తర్వాత హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా ఆమె పక్కకే చేరాయి. దారంతా టేకు ఆకులు ఎండి రాలుతున్నాయి. నల్లరేగడి చేలల్లో చివరి పత్తి ఏరుతున్నారు. పుస్తకంలో చదివిన కొండల వరస బస్సు కిటికీలోంచి కనబడుతుంటే పిల్లలకు చూపించబోయా. వాళ్లు వాంతులతో సతమతమవుతున్నారు. ఘాట్ రోడ్డు కదా.

ఆయన తీసిన వేల ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయం దగ్గరున్నాయి, ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఊళ్లో ఒక ముసలమ్మకు ఫోన్లో ఒకటి చూపించాం. ఫొటోలో మనుషుల్ని ఆమె పట్టించుకోలేదు. వేలితో ఇంటి వాకిలి చూపించి, గాబు ఎక్కడుండేదో, ఎడ్లను ఎక్కడ కట్టేవాళ్లో చెప్పడం మొదలుపెట్టింది. ఆ వివరం ఫొటో కింద రాసిలేదు. ఫోన్లు దాచొద్దన్నది ఇందుకే. ఈ రాత్రే మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ ఫొటోలు చూపించి, వాళ్లు చెప్పేది రికార్డు చేయండి.

ఆయన్ని దేవుణ్ని చేయమని నేను చెప్పడం లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని సర్కారుకు అనిపించింది. ఆ పని మీదే ఆయన్ని పంపారు. భూములు పోవడం, అడవిలోంచి గెంటేయడమే కారణమని ఆయన ఉన్నదున్నట్టు రాశారు. మార్లవాయిలో మనవాళ్లకు టీచర్ ట్రైనింగ్ పెట్టించారు, గోండీలో వాచకాలు వేయించారు. నేనీ ఉద్యోగంలో ఉన్నానంటే ఆ దారి వల్లనే అనుకుంటా. అయినా పెద్ద పుస్తకం కంటే ముందు 1982లో వచ్చిన 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా' చదవండి. ఆయన మళ్లీ వచ్చి చూసేసరికి పట్టాలిచ్చిన భూములు ఎట్లా చేతులు మారాయో అందులో ఉంది. చదువుతుంటే మీ ఊరి సర్వే నంబర్లు గుర్తొస్తాయి.

ఆ రోజు మాతో వచ్చినవాళ్లలో ఒక కొలాం అమ్మాయి ఉంది, ఇంటర్ చదువుతోంది. తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, "మేడం, చెంచులకు ఒక పుస్తకం, కొండరెడ్లకు ఒకటి, మీకు ఒకటి. మా పుస్తకం ఏది?" అని అడిగింది. ఆ వరసలో కొలాంలకు విడిగా పుస్తకం లేదు. గోండు ఊళ్లలో ఊరి దేవతలకు పూజ చేయడానికి పిలిచేది కొలాం పూజారినే. పుస్తకం దగ్గరికొచ్చేసరికి వాళ్లు మన కథలో పక్కన నిలబడ్డవాళ్లయ్యారు. నేనేం జవాబు చెప్పలేకపోయా.

మొన్న దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల రెండు వందల పేజీల నోట్‌బుక్ తెచ్చింది. సగం నిండింది. వాళ్ల అమ్మమ్మ చెప్పినవి, కొలామీ మాటలు, తెలుగు అక్షరాల్లో. "తప్పులు దిద్దండి మేడం" అంది. నాకు కొలామీ రాదు. మీ అమ్మమ్మకే చదివి వినిపించు, ఆమే దిద్దుతుంది అని తిరిగిచ్చేశా.

వచ్చే ఆదివారం మళ్లీ మార్లవాయి పోతున్నాం, అటునుంచి జోడేఘాట్. ఉట్నూర్ బస్టాండులో పొద్దున 6 గంటలకల్లా ఉండండి. నోట్‌బుక్, పెన్ను, నీళ్ల సీసా తెచ్చుకోండి. ఘాట్ రోడ్డు పడనివాళ్లు ఏమీ తినకుండా రండి.