ఊరిచుట్టు బాటలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక పల్లెటూరి గ్రంథాలయము ఇరువదియైదేండ్లు తలుపు మూయక నిలిచియుండుట సామాన్యవిషయము కాదు. ఇందుకు పాటుపడినవారందరికి మొదట నా నమస్కారములు. ఈ సభలో ఏదైన నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు, పుస్తకములను గూర్చి మాటలాడుటకు నాకంటె తగినవారు పలువురు కలరని మనవి చేసితిని. నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా ఊరూర తిరిగినవాడను. కావున నాకు తెలిసిన విషయము, అనగా మన ఊళ్లచుట్టు గల బాటలను గూర్చియు, వానిపై నడచుటను గూర్చియు మాటలాడెదను.

నడకయు ఒక ఉపన్యాసవిషయమా యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మన పెద్దలు వేడుకకు నడువలేదు. సంతకు నడచిరి, జాతరకు నడచిరి, పిల్లకు సంబంధము చూచుటకు నడచిరి. పాలమూరు కూలీలని పేరుపడి దేశములోని ఆనకట్టలకు మట్టి మోయబోయినవారు తొలుత అడుగుపెట్టినది ఈ బాటలమీదనే. కాలినడక మనకు పేదరికపు గుర్తు. మోటారుబండి కొన్న మరునాడే దానిని మరచిపోవుట అందుకే మనకు సులభమైనది.

ఇంగ్లాండు దేశపు పల్లెలలో స్థితి వేరు. అచ్చట సెలవునాడు పిల్లలు, పెద్దలు ఒక ఊరినుండి మరియొక ఊరికి పొలములమీదుగా నడచిపోవుదురు. కంచె అడ్డువచ్చినచోట దాటుటకు కొయ్యమెట్లు కట్టియుండును. ఆ బాటలును వేడుకకు పుట్టినవి కావు. రైతులు ప్రార్థనామందిరమునకు, పిండిమరకు, సంతకు పోగా పడిన జాడలే యవి. గిల్బర్టు వైటు అను మతగురువు తన సెల్‌బోర్ను గ్రామము చుట్టు తిరుగుచు, అచ్చటి పక్షులను, చెట్లను, ఋతువులను కనిపెట్టి వ్రాసిన గ్రంథము 1789లో వెలువడి నేటికిని చదువబడుచున్నది.

ఆ హక్కు వారికి ఊరక రాలేదు. భూస్వాములు వేటకొరకు కొండలను మూసివేయగా, 1932 ఏప్రిల్ 24వ తేదీన మాంచెస్టరు ప్రాంతపు శ్రామికయువకులు కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ అను కొండను నిషేధమును లెక్కింపక ఎక్కిరి. వారిలో ఐదుగురు చెరసాలకు పోయిరి. 1949లో వచ్చిన చట్టము ప్రజలు నడచు బాటలను పటములలో గుర్తింపవలెనని స్థానిక పాలకమండలులను ఆదేశించెను. 1990 నాటి చట్టము ప్రకారము, పొలము నడుమ గల కాలిబాటను విత్తుటకై దున్నిన రైతు పదునాలుగు దినములలో దానిని మరల నడువదగినట్లు చేయవలెను. నేడు ఇంగ్లాండు, వేల్సులలో ఇట్టి బాటల పొడవు రెండు లక్షల కిలోమీటర్లకు మించియున్నది.

మరి మన సీమలో చూడదగినది లేదా? గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు 2016 అక్టోబరులో వేర్వేరు జిల్లాలైనవి. అంతకు ముందు మహబూబునగరు జిల్లాలోనివి. ఇంకను పూర్వము గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల నేలలు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో అలంపురము కలదు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దులలో కట్టించిన నవబ్రహ్మాలయములను చూచి, తుంగభద్ర యొడ్డున ఒక గడియ నడచినవానికి చరిత్రపాఠము వేరుగా చెప్పనక్కరలేదు. అలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారమనియు, నల్లమలలోని ఉమామహేశ్వరము ఉత్తరద్వారమనియు పెద్దలు చెప్పుదురు. కాలినడకన పోవు యాత్రికులున్న దినములలో పుట్టిన మాటలవి. గద్వాలలో సోమనాద్రి కట్టించిన కోట చూచి, మగ్గముల చప్పుడు వినవచ్చు సందులగుండ పోయినచో, పట్టణములోను నడక ఎంత నేర్పునో తెలియును.

వనపర్తి రాజులు సముద్రములని పేరుపెట్టి చెరువులు త్రవ్వించిరి. శ్రీరంగాపురములో రంగనాథస్వామి గుడి చెంతనే రంగసముద్రమున్నది. ఆ కట్టమీద ప్రొద్దు పొడుచువేళ నడచి, తూము ఎచ్చటనున్నది, అలుగు ఏ వైపునకు పారునది, ఆ నీరు ఏ ఊరి చెరువునకు పోవునది అని విచారించినచో, నీటిని పొదుపుచేసిన పూర్వుల బుద్ధి తెలియును. పానగల్లు కొండ యెక్కినచో, బహమనీ సుల్తాను ఫిరోజుషా 15వ శతాబ్ది యారంభమున దానిని ముట్టడించి తుదకు విజయనగర సైన్యముచేత ఏల ఓడెనో ఆ రాళ్లే చెప్పును. నాగరుకర్నూలు వైపు చైత్రపూర్ణిమనాడు సలేశ్వరము జాతరకు ఇప్పటికిని వేలజనము నల్లమలలో రాళ్లబాటపై దిగిపోవుచున్నది. ఆ యడవిలో ఏ బాటలో నీరున్నదో, ఎచ్చట తేనె కలదో చెంచులకు తెలిసినంతగా ఏ పటమునకును తెలియదు.

నడిగడ్డలోని ఇటిక్యాలపాడు గ్రామమువారైన సురవరం ప్రతాపరెడ్డిగారిని మీరందరెరుగుదురు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన ఆ మహనీయుడే 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికయ్యెను. ఆయన 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు, ఆయన గతించిన పిదప, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. అందులో రాజుల యుద్ధములకంటె ప్రజల కట్టుబట్టలు, తిండి, ఆటలు, పండుగలు ముఖ్యము. అట్టి చరిత్ర వ్రాయుటకు గ్రంథములు చాలవు. జనులమధ్య తిరిగినవాని చెవియు వలయును.

బాటలు చెరిగిపోవుట మనము కన్నులార చూచినదే. 1980 దశకములో శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణాతీరమున నూరుకు పైగా గ్రామములు మునిగిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి అలంపురములో మరల కట్టిరి. గుడిని తరలింపవచ్చును గాని, ఒక ఊరినుండి పొరుగూరికి పోయిన బాటను తరలించుట ఎవరికి సాధ్యము? అది దేశపు మేలునకై జరిగినదందము. కాని నీరు రాకున్నను బాటలను ముంచినవారు కలరు. వారిలో నా కుటుంబమొకటి.

ఈ మాట ఇంతమందిలో చెప్పవలెనా యని చాల దినము లాలోచించితిని. మా చేని ప్రక్కనుండి వాడలోనివారు చెరువునకు పోవు బండ్లబాట యుండెడిది. మా తండ్రి ప్రతి సంవత్సరము దానివైపునకు ఒక సాలు ఎక్కువగా దున్నెడివాడు. బండ్లబాట కాలిబాటయైనది, కాలిబాట గట్టైనది, ఒక యేడు గట్టుమీద కంపకూడ పడినది. నేను బాలుడనై నాగలివెంట నడచుచుంటిని. నాకు తెలియకపోలేదు. చాకలి అవ్వ ఒకతె నెత్తిమీద బట్టలమూటతో వచ్చి కంపముందు నిలిచినది. ఆమె మా తండ్రితో, “మీకు సాలు పెరిగె, నాకు దూరం పెరిగె పటేలా” అని, మారుమాటకు నిలువక వెనుకకు మరలిపోయినది. మా తండ్రి ఎద్దులనదలించెను. నేను తల వంచుకొంటిని.

ఉద్యోగవిరమణ యైన పిదప గ్రామనక్షా నకలు తెప్పించి చూచితిని. ఆ బాట అందులో చుక్కల గీతలతో స్పష్టముగా నున్నది. రెండేండ్ల క్రిందట కంప తీయించి, ఎనిమిదడుగుల వెడల్పున, ఐదువందల అడుగుల పొడవున నేల విడిచితిని. పోయినది నాలుగు కుంటలకు తక్కువ. మా తమ్మునికిది ఇష్టము కాలేదు. నాతో మాటలాడుట తగ్గించినాడు. ఆ అవ్వ చూచుటకు లేదు. ఆమె మనుమరాలు ఇప్పుడా బాటమీదనే బడికి పోవుచున్నది.

గ్రంథాలయమునకు నా విన్నపము లివి. గ్రామనక్షాను పెద్దదిగా వ్రాయించి పఠనమందిరపు గోడకు తగిలింపుడు. వానలు వెనుకబట్టిన పిదప, కార్తికమునుండి ఫాల్గునము వరకు, నెలకొక ఆదివారము యువకులు పెద్దలను వెంటబెట్టుకొని ఒక్కొక్క దిక్కునకు నడువుడు. ప్రతి గుట్టకు, వాగునకు, చేనికి, వీరగల్లునకు జనులు వాడు పేరును అడిగి ఒక పుస్తకములో వ్రాసికొనుడు. కట్టెలకు, కలుపునకు పోవు స్త్రీలకు తెలిసినన్ని బాటలు మగవారికి తెలియవు. వారిని తప్పక అడుగుడు. పైరు త్రొక్కకుడు, తీసిన కంప మరల వేయుడు, బావియొద్ద అడిగి నీరు త్రాగుడు. మూసిన బాట కనబడినచో తగవునకు పోకుడు. మొదట పేరు వ్రాసికొనుడు. దున్నినవారిలో నావలె సిగ్గుపడువారు ఒకరిద్దరైన ఉండకపోరు.

వచ్చు ఆదివారము ఉదయము ఆరుగంటలకు నేను ఈ గ్రంథాలయము ముందు నిలిచియుందును. మొదటి నడక మా చేనిమీదుగా చెరువుకట్టకు. వచ్చువారు చెప్పులు గట్టివి వేసికొని రావలెనని కోరుచున్నాను.