ముక్క గుడ్డకూ వడ్డీ కడతా ఉండాము



మా సంఘంలో కొందరం బనీను గుడ్డతో పిల్లల చొక్కాలు, లెగ్గింగులు కుడతా ఉండాము. ఆ పనిలో గుడ్డ దండగ కాకుండా ఎట్ల చేస్తున్నామో చెప్పమన్నారు.

బనీను గుడ్డ తూకం మీద వస్తుంది. కిలో 300 రూపాయలు అనుకుందాం. 10 కిలోలు తెచ్చి కిలోన్నర ముక్కలుగా పోతే 450 రూపాయలు చెత్తలో వేసినట్టే. అప్పు చేసి కొన్న గుడ్డ అది. పారేసిన ముక్కకు కూడా మనం వడ్డీ కట్టాల.

రూపాయల లెక్క ఒకటే కాదు. ఒక్క నూలు టీషర్టుకు, పత్తి పంటతో కలిపి, సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని లెక్క. స్వర్ణముఖి ఒడ్డున బతికేవాళ్లం, నీళ్ల విలువ మనకొకరు చెప్పక్కర్లేదు. ఈ గుడ్డకు పేరుపడ్డ ఊరు తమిళనాడులోని తిరుప్పూరు. అక్కడ అద్దకం నీళ్లు నొయ్యల్ నదిలో కలిసి, దిగువన ఒరత్తుపాళయం డ్యాం నీళ్లు సేద్యానికి పనికిరాకుండా పోయినాయి. రైతులు కోర్టుకు పోయినారు. రంగునీళ్లు బయటికి వదలకుండా శుద్ధి చేసుకునేదాకా అద్దకం యూనిట్లు మూయాలని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు చెప్పింది. మనం పారేసే ముక్క కూడా రంగునీళ్లలో మునిగి వచ్చిందే.

నేత గుడ్డకు పడుగు, పేక ఉంటాయి. బనీను గుడ్డ దారం ఉంగరాలు ఉంగరాలుగా అల్లుకొని వస్తుంది. అందుకే సాగుతుంది, అంచు చుట్టుకుంటుంది, ఉతికితే కుదించుకుంటుంది. దాని గుణం తెలిస్తేనే దండగ తగ్గుతుంది. మేము చేసేది ఇది:

1. చుట్ట విప్పి గుడ్డను ఒక రాత్రి వదులుగా పరుస్తాము. లాగి కోస్తే సైజు తప్పుతుంది, తయారైన చొక్కా వాపసు వస్తుంది.

2. ఒక ముక్క కొలిచి, ఉతికి, ఆరబెట్టి, ఎంత కుదించుకుందో చూసి ఆ మేర కొలత పెంచుతాము.

3. పెద్ద సైజు, పిల్లల సైజు కలిపి గీస్తాము. ముందు వీపు, ఎదురు భాగాలు. మధ్య సందుల్లో చేతులు, జేబులు. సాగే దిక్కు మాత్రం మార్చము.

4. నూలు ముక్కలు, పాలిస్టరు ముక్కలు వేరే సంచుల్లో వేస్తాము. నూలుది నూనె, మడ్డి బాగా పీలుస్తుంది, మెకానిక్ షెడ్ల వాళ్లు కొంటారు. పొడుగు ముక్కలు పీలికలు చేసి కాళ్ల పట్టలు అల్లుతాము. పాలిస్టరు కాల్చము, ఆ పొగ మన బిడ్డలే పీల్చాల.

ముక్కలు ఏరుతా కూర్చుంటే కూలి గిట్టుతుందా అని కొందరక్కలు అడుగుతారు. న్యాయమైన మాటే. ఒక పట్ట అల్లను చానా సేపు పడుతుంది. అందుకే అసలు లాభం కత్తెర దగ్గరే ఉంది. ముక్కే పుట్టకుండా చూసుకోవాల, పుట్టినదాన్ని తర్వాత వాడుకోవాల.

సమాఖ్యను కోరేది రెండే. కుట్టుపని చేసే సంఘాలన్నిటికీ కలిపి ఒక పెద్ద కటింగు బల్ల కావాల. ఆర్డర్లు కలిపి తీసుకుంటే అన్ని సైజులూ ఒకే పరుపులో గీయొచ్చు. ఒక్కొక్క సంఘం విడిగా కోస్తే ఈ మిగులు రాదు. మీరు సరేనంటే ఈ రోజే తీర్మానంలో రాసుకుందాం.