చిన్న పడవ, తీరిక ప్రయాణం



మాది యానాం. గౌతమి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లం. పడవ అంటే మాకు బతుకుతెరువు. చేపలకు, సరుకులకు, రేవు దాటడానికి పడవ. ఏ పనీ లేకుండా, గాలివాటున హాయిగా తిరగడానికి పడవ కొనుక్కునేవాళ్లు కూడా ఉంటారని తరగతిలో చెబితే పిల్లలు నవ్వారు. అలాంటి పడవను యాట్ అంటారు. ఆ మాట డచ్చి భాష నుంచి వచ్చింది. అక్కడ దానికి వేట అని అర్థం. వెంటాడి పట్టుకునే వేగమైన నావలకు పెట్టిన పేరు, చివరికి తీరిక విహారానికి స్థిరపడింది.

యాట్ అనగానే కోటీశ్వరుల తెల్లని మేడలాంటి ఓడ కళ్లముందు మెదులుతుంది. నేను చెప్పబోయేది దాని గురించి కాదు. ఇద్దరు మనుషులు సుఖంగా ఉండి, ఇద్దరే నడుపుకోగల చిన్న తెరచాప పడవ గురించి.

లారీ పార్డీ, లిన్ పార్డీ అనే దంపతులు కాలిఫోర్నియాలో మూడేళ్లకు పైగా కష్టపడి తమ చేతులతో ఒక పడవ కట్టుకున్నారు. 1968లో నీటిలోకి దింపారు. పేరు సెరాఫిన్. పొడవు 24 అడుగుల చిల్లర, వెడల్పు సుమారు 9 అడుగులు, బరువు ఐదు టన్నులకు అటూ ఇటూ. ఇంజను లేదు. గాలి లేనప్పుడు పొడవాటి తెడ్డు వేసేవారు. రాత్రికి కిరోసిన్ దీపాలు. దారిలో లారీ ఇతరుల పడవలు బాగుచేసేవారు, లిన్ వ్యాసాలు రాసేవారు. అలా సంపాదించుకుంటూ పదకొండేళ్లపాటు భూగోళం చుట్టి వచ్చారు. 1983లో దింపిన వారి రెండో పడవ కూడా ముప్పై అడుగులలోపే. దానికీ ఇంజను లేదు. లారీ 2020లో కన్నుమూశారు.

పెద్దది ఎందుకు కట్టుకోలేదు? ఇక్కడ కొంచెం లెక్క ఉంది. అదే ఆకారంలో పడవ పొడవు రెట్టింపు చేస్తే, తెరచాప వైశాల్యం నాలుగింతలవుతుంది. బరువు ఎనిమిదింతలవుతుంది. అంటే ఐదు టన్నుల పడవ నలభై టన్నులవుతుంది. లంగరు, తాళ్లు, రంగు, రేవు అద్దె, అన్నీ దానితోపాటే పెరుగుతాయి. గాలి హెచ్చినప్పుడు తెరచాపను కొంత దించి మడిచి కట్టాలి. చిన్న తెరచాపను ఒక్క మనిషి మడవగలడు. పెద్దదానికి యంత్రమో, మరో నలుగురో కావాలి.

చిన్న పడవలో సుఖమేముంటుందని అడగవచ్చు. తడవని పడక, వాన కొట్టని వంటచోటు, నడుం ఆనించి కూర్చునే జాగా ఉంటే చాలు. పొయ్యిని ఇరుసుల మీద ఊగేలా వేలాడదీస్తారు. పడవ ఒరిగినా పొయ్యి నిటారుగానే ఉంటుంది. పడవ అడుగున సీసమో ఇనుమో బరువుగా బిగిస్తారు. అందుకే గాలికి ఒరిగినా తంజావూరు బొమ్మలా మళ్లీ లేస్తుంది.

లోటు లేదనను. చిన్న పడవ అలల మీద ఎక్కువ ఊగుతుంది. వేగం తక్కువ. రాత్రింబగళ్లు సాగితే రోజుకు నూటఎనభై కిలోమీటర్లు వెళ్లడం మంచి ప్రయాణమే. అంటే గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు. సైకిలు మీద వెళ్లేవాడు దాటిపోతాడు. ఎదురుగాలిలో సూటిగా పోలేదు. కుడికీ ఎడమకూ ఏటవాలుగా మళ్లుతూ పోవాలి. ఫలానా తేదీకి ఫలానా ఊరు చేరాలనుకునేవారికి ఇది పనికిరాదు.

మా మావయ్యకు చిన్న తెరచాప పడవ ఉండేది. ఒక్కరే నడుపుకునేవారు. రెండేళ్లు వేట బాగా సాగేసరికి, అది అమ్మేసి, అప్పుచేసి పెద్ద పడవ కట్టించారు. దానికి నలుగురు మనుషులు కావాలి. కూలి ఇవ్వలేని రోజు పడవ ఒడ్డునే ఉండేది. వడ్డీ మాత్రం ఆగేది కాదు. మూడో ఏడు దాన్నీ అమ్మేశారు. ఆ తర్వాత చాలాకాలం సాయంత్రాలు రేవుకు వెళ్లి, ఎవరో కొనుక్కున్న తన పాత చిన్న పడవను చూసి వచ్చేవారు. ఇంట్లో ఎవరం ఏమీ అనేవాళ్లం కాదు.

పార్డీ దంపతుల కథ చదివినప్పుడు నాకు మావయ్యే గుర్తొచ్చారు. వాళ్లు విహారానికి కట్టుకున్నారు, ఈయన బతుకుతెరువుకు కట్టించారు. లెక్క మాత్రం ఒకటే. పడవ గానీ, ఇల్లు గానీ, బండి గానీ కొనేముందు, ఎంత పెద్దది కొనగలం అని అడుగుతాం. కొన్న తర్వాత మన రెండు చేతులతో ఎంత చూసుకోగలం అని కూడా అడగాలి. అప్పుడే అది మనల్ని మోస్తుంది. లేకపోతే దాన్ని మనం మోయాలి.