లెక్క మన చేతిల ఉండాలె



నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పటేల్ పట్వారీ దస్త్రం మీద మన తాతలు వేలిముద్రలు వేసిన్రు. లెక్క వాళ్లది, నష్టం మనది. 1984లో ఆ వ్యవస్థ పోయింది. ఇవాళ మనమే చిన్న కంపెనీలు పెట్టుకుంటున్నం. కానీ దస్త్రం ఇంకా ఎవరికో అప్పగిస్తున్నం. సంతకం పెట్టిన అక్కకు తాను డైరెక్టరునని తెలియదు.

"లాభమే లేదు, రిటర్ను ఎందుకు?" అంటున్రు. నష్టమొచ్చినా కంపెనీ ఆదాయపు పన్ను రిటర్ను వేయాల్సిందే. కంపెనీల రిజిస్ట్రారుకు ఏటా ఇచ్చే జమాఖర్చు, వార్షిక రిటర్ను వేరే. 2018 జూలై నుంచి ఆలస్యమైన ఒక్కో పత్రానికి రోజుకు 100 రూపాయలు అదనం. రెండూ ఏడాది ఆగితే 73,000! వరుసగా మూడేండ్లు ఇయ్యకపోతే డైరెక్టర్లు అయిదేండ్లు అనర్హులు. 2017లో దేశంలో రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసిన్రు.

మరి ఏం చేయాలె? దాక్కోవద్దు. ముందు బ్యాంకు నుంచి ఏటేటి స్టేట్‌మెంట్లు తెచ్చుకోండి. సరుకు అమ్మినోళ్ల దగ్గర, కొన్నోళ్ల దగ్గర బిల్లుల నకళ్లు అడగండి. రశీదు లేని ఖర్చును లేనట్టుగానే చూపండి. దొంగ బిల్లు పుట్టిస్తే ఆలస్యం కాస్తా నేరమైతది. అన్నిటికన్న పాత ఏడు నుంచి ఆడిట్ చేయించి దాఖలు చేయండి. ఒక ఏటి నిల్వే మరుసటేటి మొదటి పద్దు గద!

బాబాసాహెబ్ 1925లో బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల ఖజానా మీద పుస్తకమే అచ్చేసిండు. సర్కారు లెక్కలు ఆయన విప్పి చూసిండు. మన చిట్టా మనం చదవలేమా? ఇవాళే నగదు పుస్తకం తెరవండి. నెలనెలా సభ్యులందరి ముందు చదివి వినిపించండి.