శిశురక్షణము



మన అద్దంకి ప్రాంతమున మిరపకోతల దినములలో బిడ్డ జబ్బుపడినను, కూలి పోవునను భయముచేత "సాయంకాలము చూతము" అని తల్లి చేనికిఁ బోవుట కలదు. ఆ జాగే ప్రాణాంతకము కావచ్చును.

ప్రపంచారోగ్యసంస్థయు, యూనిసెఫ్‌ సంస్థయు 1990వ దశకమున ఏర్పఱచిన పద్ధతియందు ఒక్క రోగమునేగాక దగ్గు, విరేచనములు, జ్వరము, చెవిపోటు, పోషణము, టీకాలు అన్నియు నొక్కమాఱే పరీక్షింతురు. ఊపిరి నిమిషమునకు రెండు నెలలలోపు శిశువునకు 60, ఏఁడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు బిడ్డకు 40 సారులుగాని అంతకు మించిగాని యున్నచో వెంటనే వైద్యునికిఁ జూపవలయును. విరేచనములకు ఓ.ఆర్‌.ఎస్‌. నీటితోపాటు, వైద్యుఁడు చెప్పిన మేర 14 దినములు జింకు ఇయ్యవలయును, చనుబాలు మాన్పరాదు. పాలు త్రాగలేకున్నను, త్రాగినదెల్లఁ గక్కినను, మూర్ఛయో మగతయో కలిగినను తక్షణము 108కు ఫోను చేయుఁడు.

చేలుగల సోదరులారా! బిడ్డను ఆసుపత్రికిఁ గొనిపోవు తల్లికి ఆనాఁటి కూలి తగ్గింపకుఁడు. ఇదియు మన సంఘధర్మములలో నొకటి కావలయునని నా విన్నపము.